ముగ్గు కింద గుంత

ఎలిమెంటరీ బడిలో పంతులుగా చేరినప్పటి నుంచీ నేను రోజూ డైరీ రాస్తూనే ఉన్నాను. ఎండావానా, బడి, ఇంటికి వచ్చినవాళ్ళు, భోజనంలోకి చేసినవి, ఈ వరసలో. మునిసిపాలిటీ ఓవర్సీరుగారు మా వీధి చూడటానికి వచ్చిన రోజున కూడా ఆ వరస తప్పలేదు. ఎండ తీవ్రం. బడికి వేసవి సెలవులు. ఓవర్సీరుగారు మా ఇంట భోంచేశారు. మామిడికాయ పప్పు, అరటికాయ వేపుడు, మజ్జిగ పులుసు. అక్కడితో ఆపేశాను. మిగతాది రాయడానికి సిగ్గేసింది. రాయనంత మాత్రాన మరిచిపోయిందీ లేదు.

అవి రెండో యుద్ధం ఇంకా రాని రోజులు. బందరులో మేమున్న వీధి మధ్యలో పల్లంగా ఉండేది. రెండు కొసల నుంచీ వాననీళ్ళు పారి వచ్చి సరిగ్గా మా ఇంటి ముందు నిలిచేవి. అంతా నల్లమట్టి. ఎండాకాలంలో బండి చక్రాల గాడులు రాయిలాగా గట్టిపడేవి, వానలు పడగానే అవే గోతులయ్యేవి. అన్నిటికంటే పెద్ద గుంత మా గుమ్మానికి ఎదురుగా వీధికి అడ్డంగా ఉండేది. నీళ్ళు నిండితే దాని లోతు తెలిసేది కాదు.

మా వీధిలోవాళ్ళంతా బడుల్లోనూ కచేరీల్లోనూ పనిచేసేవాళ్ళు. చేపలు కొనే ఇల్లు ఒక్కటి కూడా లేదు. అయినా మంగినపూడి వైపు నుంచి చేపల గంపలతో వచ్చే ఆడవాళ్ళకి బజారుకి దగ్గర దారి మా వీధే. వాళ్ళలో మా అమ్మ వయసున్న ఒకావిడ రోజూ అందరికంటే ముందు వచ్చేది. మా వీధి మలుపు తిరగగానే గంప మీద తడిగుడ్డ సర్దుకుని, ఏ అరుగుకీ దగ్గరగా రాకుండా, మాట్లాడకుండా దాటిపోయేది. బజార్లో ఆవిడ గొంతు ఎంత పెద్దదో నాకు తెలుసు. మా వీధిలో మాత్రం ఆవిడ కేక ఎప్పుడూ వినలేదు.

ఒక ఏడు వానల్లో ఆవిడ ఆ గుంతలో కాలు పెట్టింది. చీలమండ విరిగింది. నేను బడిలో ఉన్నాను. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వీధంతా నీచువాసన, బురదలో అక్కడక్కడా చేపలు. సంగతి అమ్మ చెప్పింది. అరుగుల మీద ఉన్నవాళ్ళంతా అయ్యయ్యో అన్నారట. ఎవరో పైనుంచి చెంబెడు నీళ్ళు పోశారట. వీధిలోకి ఎవరూ దిగలేదు. అటు వచ్చిన ఒంటెద్దు బండి అతనే ఆవిడని ఎత్తి ఆస్పత్రికి తీసుకుపోయాడు.

"నేను మడి కట్టుకుని ఉన్నాన్రా" అంది అమ్మ, నేనేమీ అడగకుండానే.

ఎముక అతుక్కుంది గాని కాలు తిన్నగా రాలేదు. ఎండలు ముదిరేసరికి ఆవిడ కుంటుకుంటూ మళ్ళీ మా వీధిన రావడం మొదలుపెట్టింది. అప్పటికి మా వీధివాళ్ళం రోడ్డు బాగుచేయించమని మునిసిపాలిటీకి అర్జీ పెట్టాలని అనుకుంటున్నాం. రాయడం నా వంతుకి వచ్చింది. ఒకరోజు మలుపు దగ్గర ఆవిడని ఆపాను.

"నువ్వు పడ్డ సంగతి అర్జీలో రాస్తానమ్మా. వేలిముద్ర వేస్తావా?"

"నా ఏలిముద్రకి రోడ్డు వస్తాదా పంతులుగారూ?"

"పడ్డది నువ్వు కదా. మా సంతకాలన్నిటికంటే అదే గట్టిది."

"అయితే ఏస్తాను. వానలొస్తే ఈ కాలుతో ఆ గుంట దాటలేను బాబూ. కాలవ కట్ట మీదగా చుట్టు తిరిగెళ్ళేసరికి బజారు చల్లబడిపోద్ది. మెత్తబడ్డ చేప ఎవరు కొంటారు?"

ఆవిడకి కావలసింది అంతే. వానలు రాకముందే మా ఇంటి ముందు కంకర పడాలి.

అర్జీ పంపాం. ఓవర్సీరు వచ్చి స్వయంగా చూస్తారని జవాబు వచ్చింది. ఆయన రోడ్డు పాడైందని రాస్తే ఆ వేసవిలోనే కంకర తోలుతారు, బాగుందని రాస్తే మళ్ళీ వేసవి దాకా ఆ ఊసే ఉండదు. ఈ మాట నేను ఇంటింటికీ వెళ్ళి చెప్పాను. అందరూ తలలూపారు.

ఆయన వచ్చే ముందురోజు సాయంత్రం అమ్మ గుమ్మంలో నిలబడి వీధిని పైనుంచి కిందికి చూసింది.

"పెద్దమనిషి వస్తున్నాడంటున్నావు. ఇళ్ళ ముందు ఇలా ఉంటే ఏమనుకుంటాడ్రా?"

"ఇలా ఉందని చూడటానికేగా అమ్మా వస్తున్నది."

"ఆయన చూడాల్సింది రోడ్డు. మన మురికి కాదుగా."

అమ్మ దివిసీమ ఆడపడుచు. కృష్ణకి వరద వచ్చి తీశాక, వాళ్ళ ఊళ్ళో ఆడవాళ్ళు పొయ్యి వెలిగించక ముందే వాకిట్లో ఒండ్రు ఎత్తి ముగ్గు పెట్టేవాళ్ళట. ముగ్గు పడితేనే ఇల్లు మళ్ళీ ఇల్లయినట్టు. అలా పెరిగిన మనిషికి కొత్తవాళ్ళ ఎదుట గోతుల వాకిలి చూపించడమంటే మాసిన చీరతో పెళ్ళికి వెళ్ళడమే. ఒక్క అమ్మనని లాభం లేదు. ఎదురింటి కోర్టు గుమాస్తాగారు గంపలతో ఊక పంపారు. పక్కింటివాళ్ళు ఇల్లు కట్టగా మిగిలిన ఇసక తెచ్చారు. నేను ఆ చేపలావిడకి మర్నాడు వచ్చి సాక్ష్యం చెప్పమని కబురు పెట్టడానికి వెళ్ళి ఉన్నాను. తిరిగి వచ్చేసరికి గుంతలన్నీ పూడ్చి ఉన్నాయి.

తెల్లవారి కళ్ళాపి చల్లారు, ముగ్గులు పెట్టారు. ఇంటింటికీ పోటీ. అన్నిటికంటే పెద్దది అమ్మది. పూడ్చిన గుంత మీద దాదాపు వీధి అడ్డం మొత్తం పరుచుకున్న చుక్కల ముగ్గు, చుట్టూ ఎర్రమట్టి అంచు. ఆ ఉదయం వీధి చూస్తే నాకు ముచ్చటేసిన మాట కూడా నిజమే. ఆ ముచ్చట ఎంతసేపు ఉందంటే, మలుపు దగ్గర ఖాళీ గంప చంకన పెట్టుకుని నిలబడ్డ ఆవిడని చూసేదాకా. ఆవిడ ముగ్గుల వైపు చూసి, నా వైపు చూసింది.

ఓవర్సీరుగారు చిన్నవాడు. కాకీ దుస్తులు, టోపీ, చేతిలో కర్ర. వెనక రోడ్డు కొలిచే గొలుసు పట్టుకుని ఒక బంట్రోతు. నాన్న అరుగు దిగి ఎదురు వెళ్ళారు.

"ఎండన పడి వచ్చారు. ముందు కాస్త దాహం పుచ్చుకోండి. మీదే ఊరండీ?"

"గుడివాడండీ."

"గుడివాడలో ఎవరి తాలూకు?"

మజ్జిగ గ్లాసు ఖాళీ అయ్యేలోపల నాన్న మేనత్తగారి అత్తవారూ వీళ్ళ తాతగారూ ఒకే ఇంటివాళ్ళని తేలిపోయింది.

"అయితే మీరు నాకు మావయ్యగారి వరసండీ" అన్నాడాయన.

"మరింకేం, భోంచేయకుండా ఎలా వెళ్తావు నాయనా?" అన్నారు నాన్న. నాన్న నోట అండీలు అక్కడితో సరి. ఆవిడ మలుపు దగ్గర ఎండలోనే ఉంది.

భోజనాలయ్యాక అందరం వీధిలోకి వచ్చాం. ఓవర్సీరు కర్ర తిప్పుతూ అటూ ఇటూ చూశాడు.

"ఏదండీ మావయ్యగారూ గుంత?"

నాన్న గొంతు సవరించుకున్నారు. "ఆ ప్రాంతంలోనే నాయనా."

బంట్రోతు గొలుసు పరుస్తూ ముందుకి అడుగు వేయబోయాడు. ఓవర్సీరు వాడి భుజం పట్టి వెనక్కి లాగాడు. "ఒరేయ్, కళ్ళు కనపడట్లేదా? అంత చక్కటి ముగ్గు తొక్కుతావా?"

ఇద్దరూ ముగ్గుకి ఈ వార నుంచి ఆ వారకి చుట్టూ తిరిగి వచ్చారు. ఆయన మర్యాదగల ఇంట పుట్టినవాడు. వీధి పొడుగునా ఏ ఒక్క ముగ్గు మీదా కాలు పెట్టలేదు.

"అర్జీలో ఎవరో పడ్డారని రాశారు?"

నేను ఆవిడని పిలిచాను. దగ్గరికి వచ్చి, కొంచెం దూరంగా ఆగింది.

"ఎక్కడ పడ్డావమ్మా?"

ఆవిడ చెయ్యి చాచి చూపించింది.

"ముగ్గులోనా?" అన్నాడాయన. అరుగుల మీద నవ్వులు. ఎదురింటి గుమాస్తాగారు, "అది వానల్లో మాటండీ. అప్పుడు వేరు" అన్నారు.

"ముగ్గు కిందే ఉంది బాబూ. కాలేస్తే దిగబడిపోద్ది."

"అయితే వెయ్యి, చూద్దాం."

ఆవిడ ముగ్గు వంక చూసింది. గుమ్మంలో నిలబడ్డ మా అమ్మ వంక చూసింది. అమ్మ వేళ్ళకి పిండి తెలుపు ఇంకా అలాగే ఉంది. తొక్కమని గాని వద్దని గాని ఎవరూ అనలేదు.

"అమ్మగారి ముగ్గు నేనెట్టా తొక్కేది" అని ఆవిడ వెనక్కి జరిగింది.

నేను "అది కాదండీ" అన్నాను.

"అర్జీ రాసింది మీరేగా? భాష చాలా బాగుందండీ" అన్నాడాయన నాతో. తర్వాత నాన్న వైపు తిరిగి, "మావయ్యగారూ, బందరు మొత్తంలో ఇంత ముచ్చటైన వీధి నేను చూడలేదు. దీనికి కంకరెందుకండీ? ముగ్గులు పాడైపోతాయి" అని నవ్వాడు. నాన్న కూడా నవ్వారు. నా నోరు మళ్ళీ పెగల్లేదు. రోడ్డు బాగానే ఉందని ఆయన అక్కడే రాసుకున్నాడు. తల ఎత్తి చూస్తే ఆవిడ అప్పటికే మలుపు తిరిగిపోతోంది.

మొదటి వానకే ఊక తేలింది. రెండో వానకి గుంత మామూలుగా తయారైంది. ఊకా మట్టీ కలిసిన ముద్ద అడుగున చేరి, జారుడు ముందుకంటే ఎక్కువైంది. ఆవిడ రావడం మానేసింది. ఒక పొద్దెక్కిన వేళ కాలవ కట్ట మీద ఎదురైంది. బజారు నుంచి ఇంటికి తిరిగి వెళ్తోంది, గంప ఇంకా బరువుగానే ఉంది.

"మళ్ళీ అర్జీ రాస్తానమ్మా. ఇంకొక్కసారి వేలిముద్ర..."

"ఆ ఏలు ఒకసారి ఇచ్చాను గదా బాబూ" అంది. కోపం లేదు. బేరం కుదరని మనిషితో చెప్పినట్టు చెప్పింది. "ఈసారి మీ వాకిళ్ళ సంగతి మీరే రాసుకోండి."

రాశాను. పోయినసారి గుంతలని మేమే పూడ్చి, వాటి మీద ముగ్గులు పెట్టి చూపించామని కూడా రాశాను. సంతకాలకి తిరిగితే ఒక్కరూ కలం పట్టలేదు. నాన్న కాగితం చదివి తిరిగి ఇచ్చేశారు.

"వీధి పరువు వీధిలో పెడతావా? పైగా ఆ అబ్బాయి మన వరసవాడు. పై అధికారులు ఆ అబ్బాయిని ఏమంటారో ఆలోచించావా?"

నా ఒక్కడి సంతకంతోనే పంపాను. ఆ వానాకాలమంతా ఆవిడ కాలవ కట్ట మీదనే నడిచింది.

తరువాతి వేసవిలో ఓవర్సీరు మళ్ళీ వస్తున్నాడని కబురు వచ్చింది. ఆ సాయంత్రం ఎదురింటి నుంచి మళ్ళీ ఊక గంప వచ్చింది. అమ్మ దాన్ని గుమ్మం దాటనివ్వకుండా వెనక్కి పంపింది.

మర్నాడు మా వాకిట్లో కళ్ళాపి లేదు, ముగ్గు లేదు. పొద్దున్నే ముగ్గు పడని వాకిలి అంటే ఆ ఇంట్లో శవం లేచిందని లెక్క. దారినపోయేవాళ్ళు ఆగి లోపలికి తొంగిచూశారు. పక్కింటి ఆవిడ తలుపు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగింది.

"వదినగారూ, ఇంట్లో ఏమైనా..."

"ఎవరికీ ఏమీ కాలేదు. రోడ్డు కనపడాలి" అంది అమ్మ. ఆ మాట అంటున్నప్పుడు ఎవరి ముఖమూ చూడలేదు.

నాన్న ఆ రోజు అరుగు మీదికి రాలేదు. ఓవర్సీరు వచ్చి మా వాకిలి చూసి ఆగిపోయాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మావయ్యగారు...?"

తాను బతికే ఉన్నానని చూపించుకోవడానికి నాన్న బయటికి రావలసి వచ్చింది. ఉత్తరీయం కప్పుకుని గుమ్మంలో నిలబడి, "కులాసాయే నాయనా" అన్నారు. ఓవర్సీరు గుంతలోకి దిగి కర్రతో లోతు చూసుకున్నాడు, గొలుసు పరిపించాడు, రాసుకున్నాడు. అమ్మ భోజనానికి రమ్మంటే పనుందన్నాడు. వెళ్తూ నాతో, "అప్పుడే ఒక్క మాట చెప్పాల్సిందండీ" అన్నాడు మెల్లగా.

వానలకి ముందే కంకర తోలారు, దిమ్మిస కొట్టారు. నేను మంగినపూడి వైపు వెళ్ళేవాళ్ళతో ఆవిడకి కబురు పంపాను. తొలకరి పడ్డ తరువాత ఒక ఉదయం గంప నెత్తిన పెట్టుకుని మలుపు తిరిగి వచ్చింది. అమ్మ అప్పుడే కొత్త రోడ్డు మీద ముగ్గు పెట్టి లేచింది. ఆవిడ దాని దగ్గరికి వచ్చి ఆగి, కుంటి కాలు ఈడ్చుకుంటూ ఆ వారగా, కంకర పడని తడి మట్టిలోంచి చుట్టు తిరిగి నడిచింది.

"మధ్యలోంచే వెళ్ళమ్మా. తొక్కినా పరవాలేదు" అంది అమ్మ.

"ఉండనీయండమ్మగారూ. నాకలవాటే."

అమ్మ ముగ్గుచిప్ప చేత్తో పట్టుకుని ఆవిడ మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది. మర్నాటి నుంచి ముగ్గు మా గుమ్మం మెట్టు మీదనే పెట్టింది. రోడ్డు మీద ఒక్క చుక్క పెట్టలేదు. ఎంత పండగైనా అంతే. మా ఇంటి ముందు వీధి మొత్తం ఖాళీగా ఉండేది.

ఆవిడ మాత్రం, వచ్చినన్నాళ్ళూ, ఆ వారనే నడిచింది.