ఎడమదిక్కు తిరిగే బండి

కామారెడ్డిలో మా ఇంటికి నాలుగు అర్రలు. ఒకటి వంటకు, ఒకటి వడ్లకు, ఒకటి పడకకు. నాలుగోది అజాయబ్‌ఘర్. ఆ పేరు మా ఆయన పెట్టుకున్నది. హైదరాబాదులో పాత కత్తులూ రాతి బొమ్మలూ వరసగా పెట్టి జనానికి చూపించే అజాయబ్‌ఘర్‌ను ఆయన ఎప్పుడో చూసి వచ్చాడు. కత్తులకు ఒక ఇల్లున్నప్పుడు ఫట్‌ఫటీకి, అంటే మోటారుసైకిలుకు, ఒక అర్ర ఎందుకుండకూడదని ఆయన వాదన. ఆయన పేరు ఆ రోజుల్లో నేను నోటితో పలకలేదు. ఇప్పుడు రాద్దామన్నా చెయ్యి రావడం లేదు. కాబట్టి మా ఆయన అనే అంటాను.

నేను ఎల్లారెడ్డి పిల్లను. పెళ్లయి వచ్చిన మర్నాడు మా అత్త నాకు ఇల్లు చూపించింది. మూడు అర్రలూ తిప్పి, నాలుగోదాని దగ్గరకు వచ్చేసరికి కొంగు సర్దుకుని వెనక్కి తిరిగింది.

"గది నీ మొగడు చూపిస్తడు తియ్యి. నేను పోను అండ్లకు" అంది.

ఆ తలుపుకు తాళం ఉండేది కాదు, గొళ్లెం మాత్రమే. అయినా ఆమె ఆ గడప తొక్కేది కాదు. ఎందుకో ఆ సాయంత్రం తెలిసింది.

మా ఆయన తలుపు తీసి, చెప్పులు బయట విడిపించి, లోపలికి తీసుకుపోయాడు. కొత్త పెళ్లికొడుకు పెళ్లానికి ఏం చూపిస్తాడు? పట్టుచీరో, వెండి గొలుసో అనుకున్నాను. గోడకు ఆనించిన ఒక బక్క ఫట్‌ఫటీ ఉంది. దీపం లేదు, హారన్ లేదు, వెనక ఇంకొకరు కూర్చునే చోటు లేదు. పక్కనే బల్ల మీద ఒక తోలు టోపీ, తెగిన గొలుసు, ఎడమకాలి బూటుకు తొడిగే ఇనుప జోడు. ఒకటే కాలిది.

"రెండో జోడు ఏడ పోయింది?" అన్నాను.

"రెండోది ఉండదు. మలుపు కాడ ఎడమకాలు కింద పెట్టి ఈడ్చాలె. కుడికాలు బండి మీదనే."

"మరి ఆగాలంటే?"

"బ్రేకు లేదు దీనికి. ఆగనియ్యకుంట ఉరికిచ్చుడే పందెం."

నాకు నవ్వొచ్చింది. మా నాన్న ఎంత విచారించి ఇచ్చాడో గానీ, బ్రేకుల్లేని ఇంటికి ఇచ్చాడనుకున్నాను. కానీ ఆయన నవ్వలేదు. ఆ బండి తన తమ్ముడిదని చెప్పాడు.

అన్నదమ్ములిద్దరూ హైదరాబాదు పక్కనున్న లష్కర్‌లో ఒక తెల్లదొర దగ్గర పని చేసేవారు. అన్న ఇంజన్లు విప్పి బిగించేవాడు, తమ్ముడు నడిపేవాడు. పటాలం మైదానంలో కోడిగుడ్డు ఆకారంలో బాట గీసి, రైలింజన్ల బొగ్గు బూడిద తెచ్చి పరిచేవారట. దాని మీద నాలుగేసి బండ్లు వదిలేవారు. మలుపులో బండి ముక్కు ఒక దిక్కు, పోయేది ఒక దిక్కు. బూడిద లేచి చూసేవాళ్ల మొహాలన్నీ నల్లబడేవట. ఒక ఎండాకాలం సాయంత్రం ముందు బండివాడు జారిపడితే, అతని మీదికి ఎక్కించకూడదని మా మరిది పక్కకు తిప్పాడు. పోయి చెక్క కంచెకు తగిలాడు. పడ్డవాడు లేచి నడిచాడు. మా మరిది లేవలేదు.

తంతి కామారెడ్డికి చేరేసరికి ఆ పూట రైలు వెళ్లిపోయింది. మా అత్త మర్నాటి రైలుకు లష్కర్ చేరింది. అప్పటికే మా ఆయన దహనం ముగించి, బూడిద కుండతో స్టేషను బయట నిలబడి ఉన్నాడు. దొర దేశం విడిచిపోతూ బండిని ఆయనకే ఇచ్చేశాడు. ఆయన దాన్ని ఇంటికి తెచ్చి, అర్రలో పెట్టి, మిల్లుల్లో ఇంజన్లు బాగుచేసే పనిలో కుదిరాడు. ఇదంతా నేను ఈ ఇంటికి రాకముందు సంగతి. మరిదిని నేను చూడనే లేదు.

"గిది ముట్టకు" అన్నాడు ఆయన, చక్రం మీది రేకును చూపిస్తూ. దాని లోపలివైపు, ఇనుప జోడు అంచుల్లో, నల్లటి మట్టి అట్టగట్టి ఉంది. "ఆఖరి పందెం మన్ను. ఊడ్చేటప్పుడు చీపురు సుత తగలనియ్యకు. గిది రాలితే ఇంక నా దగ్గర ఏం లేదు."

అదీ ఆ ఇంటి కట్టు. తర్వాత ఏడాదికేడాది ఆ అర్ర ఊడ్చినప్పుడల్లా, పసిపిల్ల పక్కన ఊడ్చినట్టు ఊడ్చాను.

అంగడి రోజున చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కామారెడ్డి వచ్చేవారు. మిరపకాయలు అమ్ముకున్నాక, ఎడ్లకు గడ్డివేసి, మా ఇంటికి బయల్దేరేవారు. మా ఆయన ఒక్కొక్క వస్తువూ చూపిస్తూ బండి చుట్టూ ఎడమవైపుగా తిప్పేవాడు, ఎందుకంటే పందెం బాట అటే తిరుగుతుంది. బట్టల దుకాణం సాయెబు ఒకాయన నెలకోసారైనా వచ్చి, అదే కథ మళ్లీ విని, "బ్రేకు లేని బండి చేసినోడు దీవానా, ఎక్కినోడు వానికంటే దీవానా, దాసిపెట్టినోడు అందరికన్నా పెద్ద దీవానా" అని భుజం తట్టి పోయేవాడు. మా ఆయనకు అది మెచ్చుకోలు కిందే లెక్క.

ఒకసారి మా తమ్ముడి పెళ్లికి ఎల్లారెడ్డి పోతూ మా ఆయన ఇనుప జోడును, టోపీని గుడ్డలో చుట్టి తెచ్చాడు, మావాళ్లకు చూపించాలని. మా నాన్న పందిట్లో మంచం మీద దుప్పటి పరిచి పెట్టించాడు. మహమ్మద్‌నగర్ నుంచి వచ్చిన మా మేనత్త చూపు ఆనని మనిషి. ఎవరో పీరుసాబు జోడనుకుని, దండం పెట్టి, నెత్తికి ఆనించుకుని, తన మోకాళ్ల నొప్పి చెప్పుకుంది. ఆమెను చూసి ఇంకో నలుగురు. మా ఆయన నవ్వాలో ఏడవాలో తెలియక నిలబడితే, నేను మాత్రం పందిరి గుంజ పట్టుకుని నవ్వాను. మా మేనత్త నొప్పి తగ్గిందని తర్వాత కబురు కూడా పంపింది.

ఊరంతా వచ్చి చూసిపోయినా కన్నతల్లి మాత్రం గడప తొక్కలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మా ఆయన రచ్చే గెలిచాడు.

"అవ్వా, ఒక్కసారి వచ్చి చూడు" అని ఆయన పండక్కో పబ్బానికో అడిగేవాడు.

"ఏం జూడాలెర? దేవుని చుట్టు కుడిదిక్కు తిరుగుతరు, ఎడ్లు సుత గానుగ చుట్టు సక్కగ తిరుగుతయి. మీరు ఎడమదిక్కు తిరిగిండ్రు. పీనుగ చుట్టు తిరిగినట్టు తిరిగిండ్రు. గందుకే గట్లయింది."

నేను ఒకసారి మాట మార్చబోయి, ఆ బండికి ఆముదం పోస్తారట అత్తా, అర్రంతా అదే వాసన అన్నాను. ఆమె నా మొహంలోకి చూసింది. "ఆముదం పసిపోరగాండ్ల మాడుకు పెడతరు. ఇనుముకు పోస్తరా?" అని తీసిపారేసింది. మా ఆయన చెప్పింది నిజమే. ఆ ఇంజన్లు ఆముదమే తాగేవి.

యుద్ధం వచ్చింది. ఇనుము ధర పెరిగింది. పాత ఇనుము కొనే మనిషి నిజామాబాద్ నుంచి వచ్చి మా వాకిట్లో కూర్చున్నప్పుడు మా అత్త, "తీస్కపోనియ్యిర, నా కొడుకును మింగిన దాన్ని ఇంట్ల పెట్టుకొని ఏం జేస్తవు" అంది. మా ఆయన ఆ మనిషికి మంచినీళ్లిచ్చి పంపేశాడు. ఆ తర్వాత తల్లీకొడుకులు చాలా రోజులు ముక్తసరిగానే మాట్లాడుకున్నారు. ఇద్దరికీ అన్నం వడ్డించేది నేను. మధ్యలో నాకు ఒళ్లు మండేది. పోయినవాడు మంచివాడే అయి ఉంటాడు, కానీ ఉన్న ఇద్దరినీ కూర్చోబెట్టి బుద్ధి చెప్పేవాళ్లు లేకపోయారు.

ఆ యేటి దసరా. ఆయుధపూజ రోజు మా దిక్కు ఇంట్లో ఉన్న ప్రతి పనిముట్టునూ కడిగి, పసుపు కుంకుమ పెడతారు. నాగలి, కొడవలి, రోకలి, చివరికి కత్తిపీట కూడా. ఫట్‌ఫటీకి మాత్రం మా ఆయన తడి తగలనిచ్చేవాడు కాదు, పొడి కుంకుమ ఒక్క బొట్టు హ్యాండిలుకు పెట్టి సరిపెట్టేవాడు. ఆ రోజు పొద్దున్నే సదాశివనగర్ మిల్లువాళ్లు పూజకు ముందు ఇంజను ఒకసారి చూసిపొమ్మంటే వెళ్లాడు.

నేను కత్తిపీట తోముతుంటే మా అత్త వాకిట్లో మూడు రాళ్లు పెట్టింది. వాటి మీద పెద్ద గుండిగ ఎక్కించి మంట పెట్టింది. లోపల పొయ్యి ఖాళీగానే ఉంది.

"వాకిట్ల ఎందుకత్తా?" అన్నాను.

ఆమె చింతపండు నానవేసింది. పసుపు ముద్ద చేసింది. నీళ్లు కాగాక పోయి నాలుగో అర్ర గొళ్లెం తీసింది.

గడప మీదే ఆగిపోయింది. నేను వెనకనే ఉన్నాను. ఆమె ముక్కుపుటాలు అదిరాయి.

"ఆముదం" అంది, నాతో కాదు. తర్వాత నా వైపు తిరిగి, "పట్టు. బయటికి తెద్దాం" అంది.

నేను ఆపి ఉండొచ్చు. మన్ను సంగతి నాకంటే ఎవరికి బాగా తెలుసు? కానీ ఆమె మొహం చూశాక నేనూ ఒక చెయ్యి వేశాను. ఇప్పుడు మళ్లీ ఆ రోజు వచ్చినా ఆపను. ఇద్దరం కలిసి బండిని వాకిట్లోకి తోశాం. ఆమె వేడినీళ్లలో చన్నీళ్లు కలిపి, మోచేతితో వేడి చూసుకుంది. ఇనుముకు గోరువెచ్చని నీళ్లెందుకో నాకు అర్థం కాలేదు. చెంబుతో ముందు పైనుంచి పోసింది. చింతపండుతో ఇనుప జోడు తోమింది. చక్రం రేకు లోపలికి చెయ్యి పెట్టి, వేళ్లతో కడిగింది. నల్లటి నీళ్లు కాలువగట్టి తులసిగద్దె దాకా పారాయి. పసుపు పట్టించింది. ఏడవలేదు. ఎక్కడా తొందరపడలేదు.

మధ్యాహ్నం మా ఆయన మిల్లువాళ్లిచ్చిన బంతిపూల దండ చేతిలో పట్టుకుని వచ్చాడు. దండ కింద పడింది.

"ఏం జేసినవే అవ్వా! ఏం జేసినవే!"

మోకాళ్ల మీద కూలబడి, పారిన నల్లనీళ్లను రెండు చేతులా ఎత్తబోయాడు. అవి వేళ్ల సందుల్లోంచి కారిపోతున్నాయి. ఆయన అరవడం నేను వినడం అదే మొదలు. "వాని మన్నే అది! వానిది ఇంకేం మిగిలిందే నాకు!"

మా అత్త చెంబు కింద పెట్టింది.

"నీకు మన్నన్న దొరికింది కొడుకా. నాకేం దొరికింది? నేను రైలు దిగెటాల్లకు అన్ని జేసేసినవు. కుండ చేతిల వెట్టినవు. పుట్టినప్పుడు వానికి నేనే నీళ్లు పోసిన. పోయినప్పుడు ఎవరు పోసిండ్రో ఏమో, నాకు తెల్వది. గిప్పుడు పోసిన."

ఆయన నేలవైపే చూస్తూ, "మొహం బాగలేకుండె అవ్వా. నువ్వు చూసి ఓర్వవని..." అన్నాడు.

"నువ్వు ఓర్సినవు గద. నేను కన్నదాన్ని. నేనెందుకు ఓర్వను?"

నల్లనీళ్లు ఆ వాకిట్లోనే ఇంకిపోయాయి. ఇన్నేళ్లుగా ఆమె బండిని తిట్టింది కొడుకును మింగినందుకు కాదని, పోయిన కొడుకును ఆఖరిసారి చూడనివ్వనందుకని నాకు అప్పుడు తెలిసింది. ఆ సంగతి ఉన్న కొడుకుకు మాత్రం ఎన్నడూ చెప్పలేదు.

మా ఆయనే ముందు లేచాడు. గుండిగలో అడుగున కొన్ని నీళ్లు మిగిలి ఉన్నాయి. చెంబుతో ముంచి తనూ పోశాడు. తర్వాత బండిని లోపలికి తోయబోయాడు.

"ఆగు" అంది మా అత్త. "కుడిదిక్కు తిప్పు."

ఆయన ఆమె వైపు చూశాడు. ఆ బండి లష్కర్‌లో ఉన్నన్నాళ్లు పందెం బాట మీద కుడికి తిరిగి ఎరగదు. ఆయన హ్యాండిలు కుడికి తిప్పాడు. మా అత్త సీటు మీద చెయ్యి వేసింది, నడిపించే పిల్లవాడి వీపు మీద వేసినట్టు. నేను వెనక పట్టాను. తులసిగద్దె చుట్టూ కుడివైపుగా, నెమ్మదిగా, ఒక్క చుట్టు తిప్పి అర్రలోకి తీసుకుపోయాం. కిందపడిన బంతిపూల దండను దులిపి ఆమే హ్యాండిలుకు వేసింది.

తర్వాత కూడా అంగడి రోజుల్లో జనం వచ్చేవారు. మా ఆయన అన్నీ చూపించేవాడు, ఎడమవైపుగానే తిప్పేవాడు. మా అత్త గడప లోపల పీట వేసుకుని కూర్చుని కథ వినేది. తప్పులు దొర్లితే సరిచేసేది కూడా, తాను చూసినట్టు. చక్రం రేకు దగ్గరకు వచ్చినప్పుడు మాత్రం ఆయన ఒక్క క్షణం ఆగేవాడు. అక్కడ ఇప్పుడు మన్ను లేదు, మడతల్లో ఇంకిన పసుపు ఉంది.

ఇదేందని ఎవరో ఒకరు అడిగేవారు.

"మా అవ్వ స్నానం పోసింది" అనేవాడు.

"బండికా?"

"కాదు" అనేవాడు మా ఆయన. "మా తమ్మునికి."