కోర్టు బావి

శింగనమల దగ్గరి మెట్టపొలంలో తిమ్మన్న అప్పు చేసి తవ్వించిన బావిలో నీరు పడలేదు. అప్పిచ్చిన షావుకారు మున్సిఫ్ కోర్టులో డిక్రీ పొంది, అతణ్ణి సివిల్ జైలులో పెట్టించడానికి వారంటు కోరాడు. సంగతి తెలియగానే తిమ్మన్న తాలూకా కచేరీకి పోయి, ఏటా శిస్తు లెక్కలు తేల్చే జమాబందిలో తన అప్పు వజా చేయమని తహశీల్దారును అడిగాడు.

ఆ పొరపాటు మా జిల్లావాడే చేయగలడు. పంట ఎండిన ఏడు ఇక్కడ భూమిశిస్తు తీసివేస్తారు. దానినే వజా అంటారు. వాన రానందుకు సర్కారే తన బాకీ వదులుకుంటే, షావుకారు వదులుకోనక్కరలేదా అన్నది తిమ్మన్న వాదం. కచేరీవాళ్లు నవ్వి, అనంతపురంలో మా సీనియర్ వకీలు దగ్గరికి పంపారు. అది 1961. నేను కొత్తగా నల్లకోటు తొడిగిన రోజులు. ప్రతి అన్యాయమూ మొదటి వాయిదాలోనే కూలిపోవాలని నా తొందర.

తహశీల్దారు అధికారం శిస్తు వరకేననీ, మున్సిఫ్ కోర్టు తన డిక్రీని అమలు చేస్తుందే గాని అప్పు నుంచి విడుదల చేయదనీ, తీర్చలేనివాడు జిల్లా కోర్టులో దివాలా పిటిషన్, అంటే జనం చెప్పుకొనే ఐ.పి., వేసుకోవాలనీ వివరించాను. ఐ.పి. అన్న మాటకు అతని ముఖం మాడిపోయింది.

"అది దుడ్లు దాపెట్టుకున్నోళ్లు పెట్టేది గదమ్మా."

"ఉన్నదంతా చూపేవాళ్ల కోసమే చట్టం దాన్ని పెట్టింది, తిమ్మన్నా."

అతడు చూపాడు: పొలం, బావి, జత ఎద్దులు, గడపార. ఎద్దులూ గడపారా జప్తుకు రావని జడ్జిగారు తేల్చారు. పొలమూ బావీ, అమ్మి అప్పులు తీర్చడానికి కోర్టు పెట్టిన రిసీవరు వశమయ్యాయి. అరెస్టు ఆగిపోయింది.

వరండాలో కాచుకున్న అతని భార్య నల్లమ్మ అంతా విని, "బావి పాయ, గడపార మిగిలె. ఇంగ దాన్నే సంగటిలోకి నంజుకుందాం లే" అంది.

తిమ్మన్న నవ్వలేదు. "అమ్మా, ఎండిన బావిని ఎవురు కొంటారు? ఇంగా తవ్వితే నీళ్లు పడతాయి. దానికి యాడ అర్జీ పెట్టల్ల?"

అతనికి తీర్పు అర్థం కాలేదనుకున్నాను. నీళ్లు పడినా అందులో చుక్క కూడా అతనిది కాదని, అమ్మగా వచ్చిన సొమ్ము అప్పులవాళ్లకే పోతుందని విసుగుతోనే చెప్పాను.

"తెలుసమ్మా. వాళ్ల దుడ్లు ఆ గుంతలోనే పోసింటి. ఆ గుంతలోనించే తీసియ్యల్ల గదా."

నేను చదివిన దివాలా చట్టంలో ఏ సెక్షనూ ఈ మాటను ఊహించలేదు. చట్టం అతణ్ణి ఇంటికి పొమ్మంది. అతడు తిరిగి బావిలోకి దిగడానికి అనుమతి అడుగుతున్నాడు. అతని తరఫున మేం పెట్టిన అర్జీని రిసీవరు రెండుసార్లు చదివి సంతకం చేశాడు.

ఎండాకాలంలో ఆ బావి చూడటానికి పోయాను. అంచు నుంచి వంగి చూస్తే అడుగు కనిపించలేదు. బండ మీద గడపార మోత మాత్రం, భూమి తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు, పైకి వస్తూ ఉంది.

"ఆడ నిలబడొద్దమ్మా, మట్టి జారుతాది" అంది నల్లమ్మ, మోకుతో గంప పైకి లాగుతూ. వచ్చిన మట్టిని పిడికిట పట్టి పిండి చూసింది. వేళ్ల సందున పొడిగా రాలిపోయింది.

"ఇంగా తవ్వల్ల" అని బావిలోకి కేక వేసింది.

కింద గడపార మళ్లీ మోగింది.