పన్నెండు అడుగుల లోతులో వృత్తం

తిరుత్తణిలో గేట్లూ కిటికీ గ్రిల్లులూ చేసే షెడ్డులో నా పని. వచ్చినవాళ్ళు చెప్పిన కొలతలను కాగితం మీద గీసి వెల్డింగు అన్నకు ఇవ్వాలి. పదో తరగతి దాకా తమిళంలో చదివాను. తర్వాతిదంతా తిరువళ్ళూరు లైబ్రరీలో నేర్చుకున్నదే. తమిళ డ్రాయింగు పుస్తకం ఒక పక్క, తెలుగు రేఖాగణితం ఒక పక్క పెట్టుకుని, కాంపస్‌తో ఒక్కో బొమ్మా గీసి చూసేదాన్ని. జ్యా, వ్యాసం, లంబం అనే మాటలు ఇంట్లో ఇంకెవరికీ తెలియవని లోపల గర్వంగా ఉండేది.

పోయిన ఎండాకాలం ఆ గర్వంతోనే మా బావను బావిలోకి దించాను.

పాండూరులో అక్కావాళ్ళ వరి కయ్యలో పాత ఇటుక బావి ఉంది. ముప్పై అడుగుల లోతు. నీళ్ళు మోకాలి దాకా తగ్గి, మోటరు బురద లాగుతోంది. ఆదివారం పొద్దున దిగి పూడిక తీస్తానన్నాడు బావ. లోపల ఇటుకల సందుల్లోంచి మట్టి రాలడం అక్క చూసింది. శనివారం సాయంత్రం నేను వెళ్ళగానే చెయ్యి పట్టుకుంది.

“నువ్వు ఏమేమో చదివినావు కదే. ఆ బావి నిలబడతాదో లేదో చూసి చెప్పు. నువ్వు వద్దంటే ఆయన్ని దిగనీను.”

బావి గోడ గుండ్రంగా ఉన్నంతకాలం ఇటుకలు ఒకదాన్నొకటి నొక్కుకుంటూ మట్టిని ఆపుతాయనీ, ఎక్కడైనా చదునైతే అక్కడ మట్టి లోపలికి తోస్తుందనీ చదివాను. కాబట్టి గుండ్రంగా ఉందో లేదో తేల్చాలి. బావి అంచు మీద సుద్దముక్కతో మూడు గుర్తులు పెట్టి, వాటి మధ్య దూరాలు టేపుతో కొలిచాను. అడుగుకు అర అంగుళం చొప్పున కాగితం మీద త్రిభుజం గీశాను. రెండు భుజాల నడిమి నుంచి లంబాలు గీస్తే, అవి కలిసిన చోటే కేంద్రం. అక్కడ కాంపస్ గుచ్చి తిప్పితే వృత్తం మూడు గుర్తులనూ తాకింది. ఏ మూడు గుర్తులనైనా అలా తాకించవచ్చు కనుక నాలుగోది కూడా పెట్టి కొలిచాను. అదీ గీత మీదే పడింది.

“ఏం అమ్మీ, మీ లైబ్రరీలో బురద ఎత్తే పుస్తకం లేదా?” అన్నాడు బావ.

“ఉండింది బావా. నీలాంటోళ్ళు చింపేసినారు.”

అక్క నవ్వలేదు. “దిగొచ్చునా?” అంది.

“గుండ్రంగానే ఉంది. దిగొచ్చు,” అన్నాను.

పొద్దున్నే బావ దిగాడు. పక్క కయ్య మామ గిలక రాట్నం తాడుతో బురద తట్టలు పైకి లాగుతున్నాడు. నేను మోటరు గది నీడలో కూర్చుని నోటుబుక్కు తిరగేస్తున్నాను. అందులో నేనే ఎత్తి రాసుకున్న మాట ఒకటి కనబడింది. పైనుంచి చూసి గీసే బొమ్మ ఏ ఎత్తులో కొలిచామో ఆ ఎత్తు సంగతే చెబుతుంది, కింద ఉన్నదానికి వేరే బొమ్మ గీయాలి.

నేను కొలిచింది పై అంచును. ఆ అంచు పాతది కాదు. పోయినేడు బావే పాతదాన్ని పడగొట్టి సిమెంటుతో కొత్తగా కట్టించాడు. నా వృత్తం ఆ సిమెంటుది. కింద ఇటుకల గురించి నాకేమీ తెలియదు.

మేస్త్రీలు గోడ నిలువు చూసే గుండు దారం మోటరు గదిలోనే ఉంది. పరుగున తెచ్చి అంచుకు ఆనించి వదిలాను. మూడు వైపులా గుండు గోడ వెంబడే నీళ్ళ దాకా దిగింది. నాలుగో వైపు, పూండి కాలువ దిక్కున, పన్నెండు అడుగుల దగ్గర దారం వదులైపోయింది. గుండు ఇటుక మీద కూర్చుంది. గోడ అక్కడ లోపలికి వచ్చేసింది.

“బావా, పైకి రా.”

“ఇంకో నాలుగు తట్టలే అమ్మీ.”

“కాదు బావా, పుస్తకంలో ఏముందంటే...”

“నిన్న దిగమనిందీ ఆ పుస్తకమే కదా. సుమ్మా ఉండు, పని చేసుకోనీ.”

“అడ్డం రావద్దు పాపా,” అన్నాడు మామ తాడు లాగుతూ.

దారం నా చేతిలో వదులుగానే ఉంది.

“బావా, నేను తప్పు చెప్పినా. తెలీకనే తెలుసని చెప్పినా. బావి గుండ్రంగా లేదు.”

కింద పార చప్పుడు ఆగింది. నా నోట ఆ మాట అతను ఎప్పుడూ విని ఉండడు.

“తాడు కిందికి వదులు మామా,” అన్నాడు.

అతను తాడు పట్టుకుని ఎక్కాడు. మోకాలు తగిలి ఇటుక పెళ్ళ ఒకటి ఊడి నీళ్ళలో పడింది. అక్క అంచు దగ్గరికి రాకుండా దూరంగా నిలబడి ఉంది.

అతను పైకి వచ్చాక నాలుగో వైపు మళ్ళీ కొలిచాను. దారాన్ని అంచు నుంచి ఒక జానెడు లోపలికి జరిపితే గానీ గుండు కిందికి దిగలేదు. ఆ లోతుకు వేరే కాగితం తీసుకుని కొత్త బొమ్మ గీశాను. లంబాలు ఒక్క చోట కలవలేదు. కాంపస్ ఎక్కడ గుచ్చినా ఏదో ఒక గుర్తు బయట మిగిలిపోయింది.

బావ ఒళ్ళు తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు. నేను గీసింది అతను శ్రద్ధగా చూడడం అదే మొదలు.

“దీంట్లో నేను యాడుండినా?”

బురద ఎక్కువ ఉన్నది కాలువ దిక్కునే. పొద్దుటి నుంచీ అక్కడే వంగి తవ్వుతున్నాడు. గోడ లోపలికొచ్చిన ఆ గుర్తు పక్కన పెన్సిల్ మొన పెట్టాను. బావ లేచి వెళ్ళి రాట్నానికున్న తాడు విప్పేశాడు.

మధ్యాహ్నం అన్నం తింటుంటే బావి దిక్కు నుంచి మట్టి జారిన చప్పుడు వచ్చింది. కాసేపాగి మళ్ళీ వచ్చింది. అక్క గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఎవరం లేచి చూడలేదు.