గుట్ట అంటుకున్న రోజు

మా చిన్నప్పుడు... అవ్వ పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు చేస్తుంటే, సద్ది కోసం గుట్ట దిగి వచ్చిన మామ గడపలోంచే కేకేశాడు.

"అమ్మా... గుట్ట అంటుకున్నదే!"

"అంటుకున్నదా! ఈసారి జల్దీనే అంటుకున్నది" అని అవ్వ నవ్వుతూ రొట్టె తిరగేసింది.

నేను దిగ్గున లేచి నిలబడ్డాను. నేను పుట్టి పెరిగింది తాండూరులో, నాపరాళ్లు పాలిష్ పట్టే మిషన్ల పక్కన. హోలీకని బంట్వారం దగ్గర అవ్వ వాళ్ల ఊరికి వచ్చి రెండు రోజులే అయింది. ఆ పొద్దున్నే తాత నా బుజ్జిగాణ్ణి, అదే... చెవి మీద నల్లమచ్చ ఉన్న గొర్రెపిల్లను, మొదటిసారి మంద వెంట తోలుకుపోయాడు. గుట్ట కాలిపోతుంటే వీళ్లకు నవ్వెట్లా వస్తోంది?

బకెట్లో నీళ్లు ముంచుకుని ఒకటే పరుగు! సందు దాటేలోపే సగం ఒలికిపోయాయి. కంది కోసిన చేలో మోళ్లు కాళ్లకు గుచ్చుకుంటున్నా ఆగలేదు. "బుజ్జీ... తాతా..." అని ఏడుస్తూనే ఎక్కాను.

మలుపు తిరిగాను... అంతే!

పొగ లేదు, మంట లేదు. ఏ కొమ్మకూ ఆకన్నదే లేదు. గుట్ట మొత్తం మోదుగు పూలు! ఎండలో కణకణలాడిపోతున్నాయి. ఆ పూల కోసం కొట్లాడుకుంటూ గోరింకల గోల... మా వీధి బూడిదరంగు దుమ్ము తప్ప ఏమీ ఎరగని కళ్లు, రెప్ప వేయడం మరిచిపోయాయి.

తాత బండ మీద కూర్చుని ఉన్నాడు. బుజ్జిగాడు రాలిన పూలు నములుతున్నాడు.

"నీళ్లెందుకు తెచ్చినవ్ బిడ్డా?"

"మంట... ఆర్పనీకి."

తాత నవ్విన నవ్వుకు భుజం మీది గొంగడి జారి కింద పడింది. తర్వాత బకెట్ ఎత్తి గటగటా తాగేశాడు. "మంచిగ తెచ్చినవ్. మస్తు దూపైతుండె" అని, ఒక పువ్వు తెంపి నా చెవి వెనక పెట్టాడు. ఆ రోజంతా నేను నడవలేదు... ఎగిరాను!

మొన్న తాండూరు నుంచి బస్సులో వెళ్తుంటే అదే గుట్ట కనిపించింది. సగం దాకా ప్లాట్ల రాళ్లు పాతేశారు. మిగిలిన సగంలో... పూసింది! ఆపుకోలేక అరిచేశాను.

"గుట్ట అంటుకున్నది!"

బస్సంతా ఉలిక్కిపడింది. డ్రైవర్ బ్రేకేశాడు. ఎవరో ఫోన్ తీసి ఫైరింజన్‌కు చేయబోయారు. వెనక సీట్లో గొంగడి కప్పుకున్న ఒక ముసలాయన మాత్రం నవ్వాడు.

"ఔ బిడ్డా... మొన్న ఐతారం నాడే అంటుకున్నది."

ఆ మాట తెలిసినవాళ్లం బస్సులో ఇద్దరమే మిగిలాం... మీ ఊళ్లో పూలకాలం వచ్చిందని ఏ మాటతో కేకేసేవారు? మరిచిపోకముందే ఒకసారి ఇక్కడ రాయరూ...