సర్వీస్ గేటు దగ్గర దొరికిన ఎనిమిదో సీటు

2024 మే నెల, సౌదీ అరేబియాలోని యాన్బు. నేను అక్కడి భారతీయ పిల్లల కమ్యూనిటీ స్కూల్లో ట్రాన్స్‌పోర్ట్ కోఆర్డినేటర్‌ని. ఏ పిల్లవాడు ఏ బస్సులో, ఏ పికప్ పాయింట్ దగ్గర ఎక్కాలో నిర్ణయించి, రోజూ ఉదయాన్నే ఎవరో ఒకరి చేత తిట్లు తినే ఉద్యోగం. అడిగిన అర్హత డిగ్రీ. నిజంగా పనికొచ్చే అర్హత, ఒక చెవిలోంచి రెండో చెవికి దారి సాఫీగా ఉండటం.

యాన్బు ఒక్క ఊరే అయినా మా స్కూలుకు రెండు ఊళ్లు. రిఫైనరీల వైపు ఇండస్ట్రియల్ సిటీ. ఇంజనీర్లు, చుట్టూ గోడలున్న కాంపౌండ్లు, లోపల పచ్చగడ్డి. రెండోది సముద్రం ఒడ్డున పాత ఊరు. డ్రైవర్లు, దుకాణాల వాళ్లు, టెక్నీషియన్లు అక్కడ ఉంటారు. స్కూలుకు రెండు వైపులా ఒక్కో వింగ్ ఉంది. కాంపౌండ్ వైపు వింగ్‌లో పదకొండో తరగతి సైన్సు ఉంది, కానీ సీట్లు అక్కడి పిల్లలకే చాలవు. పాత ఊరి వింగ్ పదో తరగతితో ఆగిపోతుంది. ఆ తర్వాత పిల్లలు ఇండియా వెళ్లిపోతారు, తోడుగా తల్లి వెళుతుంది. తండ్రి ఒక్కడే ఇక్కడ వంట నేర్చుకుంటాడు.

ఆ ఏడాది మేనేజింగ్ కమిటీకి ఒక ఆలోచన వచ్చింది. కమిటీకి ఆలోచన రావడం అరుదు కాబట్టి అందరం జాగ్రత్తగా విన్నాం. పాత ఊరి వింగ్‌లో రోబోటిక్స్ ల్యాబ్‌తో సైన్సు కోర్సు పెడతారట. మ్యాగ్నెట్ ప్రోగ్రాం అన్నారు. అంటే ఇంకెక్కడా లేని కోర్సు పెట్టి, మామూలుగా ఆ వైపు తొంగిచూడని పిల్లలను కూడా రప్పించడం. డబ్బు ఉమ్మడి నిధి నుంచి. ప్రతి పిల్లవాడి ఫీజులోంచీ కొంత తీసి పోగుచేసిన నిధి అది. ఇంజనీరు కొడుకు సొమ్మూ అందులోదే, పికప్ డ్రైవరు కూతురి సొమ్మూ అందులోదే. అందుకే నిధి వాళ్లు ఒక షరతు పెట్టారు. ఇరవై నాలుగు సీట్లలో పాత ఊరి నుంచి కనీసం ఎనిమిది మంది, కాంపౌండ్ల నుంచి కనీసం ఎనిమిది మంది ఉండాలి. లేదంటే కోర్సు లేదు.

పాత ఊరి వాళ్ల సీట్లు రెండు రోజుల్లో నిండాయి. కాంపౌండ్ల నుంచి ఆరుగురు వచ్చి, అక్కడే ఆగిపోయారు.

మహబూబ్ బాషా గారు నా ఆఫీసుకు వచ్చింది అప్పుడే. ప్రొద్దుటూరు మనిషి, ఒక బకాలాకు, అంటే కిరాణా కొట్టుకు, సరుకులు తోలే పికప్ నడుపుతాడు. కూతురు అఫ్రీన్ పేరు మా జాబితాలో మొదటిది.

"సార్, ఆ కోర్సు వస్తాదా రాదా? ఒగ మాట చెప్పండి."

"ఇంకా ఇద్దరు కావాలి బాషా గారూ. వాళ్లు వస్తే వస్తుంది."

"రాదంటే ఇప్పుడే చెప్పల్ల. పాపకూ వాళ్లమ్మకూ ఇండియాకు పోను ఎగ్జిట్ వీసా కొట్టియ్యల్ల. ఒగసారి పంపిస్తే మళ్లా ఫ్యామిలీ వీసా నాకు యాడ వస్తాది?"

"వచ్చే ఆదివారం దాకా ఆగండి. ఎగ్జిట్ ఎక్కడికీ పారిపోదు."

"అది పారిపోదు సార్. నా పెండ్లామూ బిడ్డా పోతారు."

నా దగ్గర జోకులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ఆ రోజు వాటికి బదులు టీ తెప్పించాను.

క్లబ్‌హౌస్‌లో మేం పెట్టిన మీటింగ్‌లో కాంపౌండ్ తల్లిదండ్రులు చెప్పిన కారణం ఒకటే, దూరం. దూరానికి మా వృత్తిలో ఒక మందు ఉంది, ట్రయల్ రన్. కొత్త రూటులో బస్సును ముందుగా ఒకసారి నడిపి చూసుకోవడం. సాధారణంగా బస్సు ఖాళీగా వెళుతుంది. ఈసారి తల్లిదండ్రుల్నే ఎక్కిద్దామన్నాను. ప్రిన్సిపల్ మేడమ్, "చెడగొట్టడానికి ఇంకేం మిగల్లేదు కదా, కానివ్వండి" అన్నారు. దాన్ని నేను ప్రోత్సాహంగా తీసుకున్నాను.

శనివారం ఉదయం అన్నిటికన్నా పెద్ద కాంపౌండ్‌కు వెళ్లాం. మెయిన్ గేటు దగ్గర సెక్యూరిటీ బస్సును ఆపేశాడు. ఈ బస్సుకు గేట్ పాస్ లేదు, వెనక్కి తిప్పమన్నాడు. మా డ్రైవర్ గుల్ ఖాన్ పెషావర్ మనిషి, ముప్ఫై ఏళ్లుగా ఇక్కడే. "పీఛే సే చల్తే హైఁ," అని స్టీరింగ్ తిప్పి, గోడ చుట్టూ తిరిగి వెనక ఉన్న సర్వీస్ గేటుకు తీసుకెళ్లాడు. చెత్త బండ్లు, నీళ్ల ట్యాంకర్లు వచ్చే గేటు.

అక్కడ నీలం యూనిఫాంలో ఉన్న ఒకాయన గార్డుతో అరబీలో మాట్లాడి మాకు దారి ఇప్పించాడు. తర్వాత బస్సు మీద పిల్లలు అంటించిన తెలుగు స్టిక్కర్లు చూసి నవ్వాడు.

"ఏడికన్నా, గీ బస్సు?"

చెప్పాను. ఆయన పేరు లక్ష్మణ్, జగిత్యాల దగ్గరి ఊరు. కాంపౌండ్ మెయింటెనెన్స్ సూపర్‌వైజర్. సర్వీస్ గేటు పక్కనున్న స్టాఫ్ క్వార్టర్స్‌లో భార్యా కూతురితో పన్నెండేళ్లుగా ఉంటున్నాడు.

"గా రోబోల కోర్సు గురించేనా? క్లబ్‌హౌస్‌ల మీరు మీటింగ్ పెట్టిన్నాడు నేను ఆడనే ఉన్న. ఏసీ బాగు జేస్తున్న. నిచ్చెన మీదికెల్లి మొత్తం విన్న."

"మరి మీ అమ్మాయి?"

"మా మానస పది పాసైంది. ఈడ సైన్సుకు మార్కులు సరిపోలే అన్నరు. ఊరికి పంపుదామనుకుంటున్నం."

"అప్లై చేయలేదేం?"

"మీరు ఆ కుర్చీల కూసున్నోళ్లనే అడిగిన్రు గదా. నిచ్చెన మీదున్నోన్ని ఎవరడిగిన్రు?"

నేను తలుపు వైపు చెయ్యి చూపించాను. "ఇప్పుడు అడుగుతున్నా. ఎక్కండన్నా, అమ్మాయిని కూడా తీసుకురండి."

క్లబ్‌హౌస్ దగ్గర మిగతావాళ్లు ఎక్కారు. అందరికన్నా ముందు స్వప్న గారు. హైదరాబాద్ నుంచి వచ్చారు, భర్త ప్రాసెస్ ఇంజనీర్. ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఆన్ చేసి మరీ ఎక్కారు. వెనకాల ఇయర్‌ఫోన్లతో కొడుకు నిహాల్. లక్ష్మణ్‌ను చూడగానే ఆమె ముఖం వెలిగింది.

"లక్ష్మణ్! మా కిచెన్ ఏసీ..."

"రేపు జేస్త మేడమ్. ఇయ్యాల నేను గూడ పేరెంట్‌నే."

స్వప్న గారు అతని పక్కనున్న మానసను చూసి, ముందు సీట్లో కూర్చున్నారు.

పాత ఊరి వింగ్ ముందు బస్సు ఆగాక స్వప్న గారు ఫోన్ చూసుకున్నారు. ఇప్పుడు నిహాల్ వెళ్లే బస్సు అన్ని కాంపౌండ్ల గేట్లలోనూ ఆగి ఆగి వెళుతుంది. ఇది హైవే మీద తిన్నగా వచ్చింది. దూరం ఎక్కువ, టైం తక్కువ. ఆమె ఫోన్‌ను మరోసారి చూసి, ఫోన్‌దే తప్పేమో అన్నట్టు లోపల పెట్టేశారు.

తర్వాత గొంతు తగ్గించి అసలు సంగతి అడిగారు. "ఏం అనుకోకండి. ఇక్కడ ఎలాంటి పిల్లలుంటారు?"

"పదహారేళ్ల పిల్లలండీ. అంతకన్నా ప్రమాదం ఏముంటుంది?"

ఆమె నవ్వలేదు. తల్లిదండ్రులకు చూపించడానికి ఒక డెమో రోబోను తెప్పించి పెట్టిన ల్యాబ్‌లోంచి ఏదో గొడవ వినిపించి అటు నడిచాం. నిహాల్ రోబో చెయ్యిని పట్టుకుని ఉన్నాడు. నిన్ననే వచ్చి దాన్ని బిగించి పెట్టిన బాషా గారి అఫ్రీన్ అతని ఎదురుగా నిలబడి ఉంది.

"దాన్ని అట్ల తిప్పొద్దు. ఊడిపోతాది."

"ఊడదు. నువ్వే మోటార్ రివర్స్‌లో పెట్టావ్."

"రివర్స్ కాదు, అట్లనే పెట్టల్ల."

"ఎవరు చెప్పారు?"

"నిన్న నువ్వు లేవు గదా. ఉంటే తెలిసేది."

మానస మధ్యలో దూరి, "ఇద్దరు ఆగుండ్రి, నన్ను జూడనియ్యుండ్రి," అంది. ఎవరూ ఆగలేదు. చెయ్యి నిజంగానే ఊడింది. తప్పెవరిదని ముగ్గురూ మళ్లీ మొదలుపెట్టారు. నిహాల్ ఇయర్‌ఫోన్లు ఎప్పుడు తీసేశాడో నేను చూడలేదు.

స్వప్న గారు గుమ్మంలోనే నిలబడిపోయారు. "వీడు ఇంట్లో 'ఊ' తప్ప ఏమీ అనడండీ," అన్నారు. కాసేపటికి, "ఫీజు ఎక్కడ కట్టాలి?" అన్నారు.

ఏడుగురయ్యారు. ఎనిమిదో పేరు మానసది.

ఆదివారం కమిటీ మీటింగ్‌లో అసలు నాటకం. సభ్యుడు మూర్తి గారు ఎనిమిదో పేరు దగ్గర కళ్లజోడు సవరించుకున్నారు.

"స్టాఫ్ క్వార్టర్స్? టెక్నికల్లీ కరెక్టే కావచ్చు. బట్ స్పిరిట్ చూడాలి. కాంపౌండ్ అంటే మన ఉద్దేశం ఇది కాదు కదా."

"కాంపౌండ్ అంటే గోడ లోపల ఉండేది సార్," అన్నాను. "వాళ్ల ఇల్లు గోడ లోపలే ఉంది. నేను గోడ మొత్తం చుట్టి వచ్చాను. మీకు డౌటుంటే బస్సు రెడీగా ఉంది."

"షరతు పెట్టింది డైవర్సిటీ కోసం. ఇలా లెక్క సరిచేయడానికి కాదు."

ప్రిన్సిపల్ మేడమ్ తన ముందున్న ఫైలు మూశారు. "మూర్తి గారూ, కాంపౌండ్ నుంచి ఎనిమిది మంది ఇంజనీర్ల పిల్లలే వస్తే కలిసేది రెండు రకాల పిల్లలు. ఇప్పుడు మూడు రకాలు. నిధి వాళ్లకు చెబుతాను, అనుకున్నదానికన్నా కాస్త ఎక్కువే ఇస్తున్నామని. ఈ ఇంటి వివరాలన్నీ ఉన్నదున్నట్టే రాసి పంపుతున్నాను. కాదంటే వాళ్లే అంటారు."

వాళ్లు కాదనలేదు. కోర్సు మొదలైంది.

ఆ వ్యవహారం నుంచి నేర్చుకున్నదాన్ని నా పనిలో ఇప్పటికీ వాడుతున్నాను. ఉమ్మడి డబ్బుతో బడి పెట్టి, అన్ని రకాల పిల్లలూ రావాలని షరతు రాయడం మంచిదే. కానీ షరతు దానంతట అది ఎవరి తలుపూ తట్టదు. ఎవరో వెళ్లి తట్టాలి. మనకు ముందే తెలిసిన తలుపులు మాత్రమే తడితే, మనకు తెలిసినవాళ్లే వస్తారు. తర్వాత మనమే కూర్చుని, మిగతావాళ్లకు చదువు మీద ఆసక్తి లేదని తీర్మానిస్తాం. అందుకే కొత్త రూటు వేసేటప్పుడు మెయిన్ గేటు చూశాక గోడ చుట్టూ ఒకసారి తిరుగుతాను. పెట్రోలు ఖర్చు గురించి అకౌంట్స్ వాళ్లు అడుగుతుంటారు. చెప్పాను కదా, రెండో చెవికి దారి సాఫీగా ఉందని.

కోర్సు ఖాయమైన సాయంత్రం బాషా గారికి ఫోన్ చేశాను. పికప్ హారన్ల మధ్య ఆయన గొంతు సరిగా వినిపించలేదు. చెప్పింది విని కొంచెంసేపు ఏమీ అనలేదు. ఏడుస్తున్నాడేమోనని నేను కంగారుపడ్డాను.

"బాషా గారూ, ఉన్నారా?"

"ఉండా సార్. రాత్రికి ఏం కూర చేయమంటావని పాప వాళ్లమ్మ అడుగుతాంది, ఇంగో ఫోన్లో. ఏదైనా చెయ్యి, ఇంగ రెండేండ్లు ఈడనేగదా తినేదని చెప్తాండా."