మూకీ బొమ్మకు అక్క చెప్పిన కథ

నా చిన్నప్పుడు ఖరగ్‌పూర్‌లో ఫైర్‌మన్ అంటే రైలింజన్‌లో బొగ్గు వేసేవాడే. మా నాన్న చేసే పనీ అదే. అందుకని ఒక ఆదివారం మధ్యాహ్నం రైల్వే కాలనీ హాల్లో ఫైర్‌మన్ సినిమా వేస్తున్నారని తెలియగానే, మా వరస క్వార్టర్ల పిల్లలమంతా పక్కింటి అక్క వెంటపడి వెళ్లాం.

తీరా చూస్తే అది మాటల్లేని పాత బొమ్మ. తెర మీద మనుషులు నోళ్లు కదుపుతారు, మధ్యమధ్య ఇంగ్లీషు అక్షరాలు పడతాయి. అవి చదివి చెప్పడం అక్క పని. "ఈడు బొగ్గేసే ఫైర్‌మన్ కాదర్రా, మంటలార్పే ఫైర్‌మన్" అని మొదలుపెట్టింది. మా పక్కనున్న బెంగాలీ పిల్లలకు వాళ్ల భాషలోనూ రెండు ముక్కలు చెప్పేది.

కథలో పెద్ద మేడ అంటుకుంది. పై కిటికీలో ఒక పాప చిక్కుకుపోయింది. ఫైర్‌మన్ నిచ్చెన ఎక్కుతున్నాడు. అంతలో నాకు కాలిన వాసన తగిలింది. సినిమా మంటకు వాసన కూడా ఉంటుంది కాబోలు అనుకున్నాను. అక్క ఒకసారి వెనక్కి చూసి, మళ్లీ తెరవైపు తిరిగి, అదే గొంతుతో కథ అందుకుంది.

"ఇప్పుడు ఫైర్‌మన్ ఏటంటున్నాడంటే, పిల్లలందరూ లెగాలంట. ఒకలి సెయ్యి ఒకలు పట్టుకోవాలంట. ఎవలూ పరుగెట్టకూడదంట."

తెర మీద అక్షరాలేవీ పడలేదు. అయినా అక్క చెప్పిందని లేచాం. గోడవారగా పక్క తలుపు వైపు నడిపించింది. బెంగాలీ పిల్లలూ మా చేతులు పట్టుకుని వచ్చారు.

"మరి పాపో?" అన్నాను.

"దింపుతున్నాడమ్మా. నువ్వు నడు."

ఎండలోకి వచ్చాక తిరిగి చూస్తే, సినిమా ఆడించే మిషను గది కిటికీలోంచి నల్లటి పొగ వస్తోంది. అక్కడ విప్పి పెట్టిన ఇంకో రీలు అంటుకుందట. పెద్ద తలుపు దగ్గర జనం కేకలు వేస్తూ ఒకరినొకరు తోసుకుంటున్నారు. కొందరికి దెబ్బలు తగిలాయి. కాసేపటికి ఇసక పోసి మంట ఆర్పేశారు. మాలో ఎవరికీ గీత కూడా పడలేదు.

అక్క మా తలలు తడిమి చూసి, మెట్టు మీద కూలబడింది. ఎవరో ఇచ్చిన నీళ్లు గటగటా తాగేసి, మమ్మల్ని మళ్లీ మొదటినుంచీ లెక్కపెట్టింది.

"భయమేసిందా అక్కా?" అని అడిగాను.

"సానా ఏసింది. నాను అరిస్తే మీరూ అరుస్తారు కదే" అంది.

చాలా ఏళ్ల తర్వాత, మా ఆయనకు వర్క్‌షాపులో దెబ్బ తగిలిందని కబురొచ్చింది. అప్పుడు నా పిల్లలు అన్నం తింటున్నారు. "నాన్నకు ఆసుపత్రిలో పనుంది, తినేసి పక్కింట్లో కూర్చోండి" అని మామూలుగా చెప్పి, వీధి మలుపు తిరిగాక ఏడ్చాను. ఆయన కోలుకున్నాడు. ఇప్పుడు మనవల దగ్గరా అంతే. ఏ కబురొచ్చినా ముందు గొంతు సరిచేసుకుంటాను. పిల్లలు గట్టున పడ్డాక భయపడటానికి బోలెడు సమయం ఉంటుంది.