ఒక్కడే పోశన్న

ఇచ్చోడ దగ్గర మా చిన్న ఊరు పక్కనున్న పెద్దూరి నుంచి విడిపోయి సొంత పంచాయతీ అయినప్పటి నుంచి టౌన్‌లో ఉండే మా బావకు నవ్వులాటగా ఉంది. “గింత ఊరికి ఒక సర్పంచా? మా గల్లీ ఇంతకంటె పెద్దగుంటది” అంటుంటాడు.

ఈ రోజు పొద్దున ఆ బావే మా ఇంటికొచ్చి, కారు వెనక్కి తీస్తూ వాకిట్లో నల్లా పైపు విరగ్గొట్టాడు. నీళ్లు ఎగజిమ్మాయి. “మా కాడైతే ఆన్‌లైన్‌ల కంప్లైంట్ పెట్టి వారం ఆగాలె” అన్నాడు దిగులుగా.

నేను పోశన్నకు ఫోన్ చేశాను. మా పంచాయతీకి ఉన్న ఒకే ఒక్క పనివాడు. ట్యాంకు నీళ్లు వదిలేదీ, ట్రాక్టర్ నడిపేదీ, వీధి లైట్లు బిగించేదీ ఆయనే. ట్యాంకు దగ్గర నీళ్లు కట్టేసి, రంపం పట్టుకుని సైకిల్ మీద వచ్చాడు. బావ చాయ్ సగం తాగేలోపు కొత్త పైపు ముక్క అతికించేశాడు.

బావకు నమ్మబుద్ధి కాలేదు. “మా కాడ మున్సిపాలిటీల అంతమంది ఉన్నా పని కాదు. నువ్వొక్కనివి ఎట్ల జేస్తున్నవ్?”

పోశన్న చేతులు కడుక్కుంటూ చెప్పాడు: “ఒక్కణ్ని గాబట్టే సార్. మీ కాడ పని కాకుంటే ఎవలు జెయ్యలేదో ఎవలకు ఎరుకగాదు. ఈడ కాకుంటే ఊరంతా మా ఇంటికే వస్తది.”

నా చేతిలోని చాయ్ అప్పుడు ఎంత తియ్యగా ఉందో చెప్పలేను.

సాయంత్రం దాకా బావ మా ఊరి సైజు ఊసెత్తలేదు. పోయేటప్పుడు మాత్రం పోశన్న నంబర్ రాసుకున్నాడు.

మీ వీధిలో పైపు పగిలితే ఎవరింటికి వెళ్లాలో మీకు తెలుసా?